జీడి గుర్తు

"సాక్షి నిరక్షరాస్యురాలు" అని సత్తవ్వ గురించి మా నివేదికలో రాసిన మహానుభావుణ్ణి నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నూట పన్నెండు ఇళ్లకు నూట పన్నెండు గుర్తులు. కాగితం మీద ఎక్కడా రాసి లేవు, అన్నీ ఆమె తలలోనే ఉండేవి. బట్ట మడత విప్పి చూస్తే చాలు, ఏ ఇంటిదో చెప్పేది. నేను హైస్కూల్లో తెలుగు సార్‌ని. నా క్లాసులో ఉన్న అరవై మంది పిల్లల పేర్లే నాకు సరిగ్గా నోటికి వచ్చేవి కావు. అయినా చదువు నాకు వచ్చట, ఆమెకు రాదట.

సత్తవ్వది చాకలి వృత్తి. జమ్మికుంటకు ఆమడ దూరంలో ఉన్న మా వాగొడ్డుపల్లెకు 1969లో అంకయ్య భార్యగా వచ్చింది. ఆ ఏడు తెలంగాణ లడాయి జోరు మీద ఉంది. బళ్లు బందు, బస్సులు బందు. పెళ్లివాళ్లు రెండు రోజులు ఎడ్లబండి మీదే ప్రయాణం చేశారు. "లోకమంత బందైంది గని మా అత్త రేవు మాత్రం బందు గాలే సారూ" అని చెప్పి నవ్వేది. పెళ్లయిన నాలుగో రోజునే అత్త ఆమె చేతిలో ఒక సూది, ఒక నల్ల జీడిగింజ పెట్టింది.

జీడిగింజను సూదితో గుచ్చితే చిక్కటి రసం వస్తుంది. దానితో బట్ట మీద చుక్క పెట్టి, పైన కాస్త సున్నం రాస్తే నల్లగా పట్టుకుంటుంది. బట్ట చిరిగి పీలికలైపోవాలి తప్ప ఆ చుక్క పోదు. ఎన్నిసార్లు బానలో ఉడకబెట్టినా, బండకేసి బాదినా అట్లాగే ఉంటుంది. ఇంటికో గుర్తు. ఒకరికి రెండు చుక్కలు, ఇంకొకరికి చుక్క మీద గీత, దొర ఉండే గడీకి నిలువు గీత పక్కన సున్నా. అత్త చనిపోయేనాటికి ఊరి గుర్తులన్నీ కోడలికి వచ్చేశాయి. రసం తగిలి ఆమె వేళ్ల కొసలు ఎప్పుడూ పుండ్లు పడి ఉండేవి.

మనిషికి నోరెక్కువ అనేవాళ్లు. అది నిజమే, కానీ నోటితోనే ఊరుకునే రకం కాదు. 1978 ఎండాకాలంలో మా పక్క ఊళ్లన్నిట్లో వెట్టి మీద జనం తిరగబడుతుంటే, మా ఊళ్లో ముందు కదిలింది ఆమే. జైపాల్‌రావు దొర గడీలో తరతరాలుగా ఊరికే ఉతికిపెట్టాలి. అట్లా ఇచ్చిన మూటను ఉతక్కుండానే తెచ్చి గడీ గుమ్మంలో దించింది. దొరసాని దేవకి బయటికి వస్తే, "గివి మీ బట్టలు దొరసానీ. రేవు గాడ్నే ఉన్నది, సబ్బు దుకాన్ల దొరుకుతది" అని చెప్పి వెనక్కి తిరిగింది. అంకయ్య భయపడి వారం రోజులు అత్తగారి ఊళ్లో తలదాచుకున్నాడు. ఈమె మాత్రం రోజూ గడీ ముందు నుంచే రేవుకు నడిచింది. గడీ మేడ మీద, ఉతకడం చేతకాక నీలిమందు మరకలతో ఆరిన చీరలను చూసి ఊరు ఊరంతా నవ్వుకుంది. దొర కుటుంబం ఆ ఏడాదే కరీంనగర్ వెళ్లిపోయింది.

అంకయ్య ఎనభై ఆరులో జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. తర్వాత రెండేళ్లకు ఊరి చివర పోలీసు క్యాంపు వచ్చింది. క్యాంపు జవాన్ల బట్టలు కూడా సత్తవ్వే ఉతికేది. "బట్టకేం తెల్సు సారూ, లోపట ఎవలున్నరో" అనేది.

ఇక రాయమల్లు సంగతి. అతను దుర్గవ్వకు ఒక్కగానొక్క కొడుకు, తండ్రి లేడు. జమ్మికుంట పత్తి మార్కెట్లో హమాలీ. హమాలీ సంఘంలో నలుగురి ముందు గట్టిగా మాట్లాడేవాడు. తొంభై రెండు ఆగస్టులో, ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం, బస్‌స్టాండు దగ్గర మఫ్టీలో ఉన్న నలుగురు అతన్ని జీపులోకి ఎక్కించారు. చూసినవాళ్లు ఉన్నారు. అయిదో రోజు పేపర్లో నాలుగు లైన్ల వార్త పడింది. గోదావరి అవతల ఆదిలాబాద్ అడవిలో ఎదురు కాల్పులు జరిగాయట, నీలి గీతల చొక్కా, బూడిదరంగు ప్యాంటు వేసుకున్న గుర్తుతెలియని తీవ్రవాది చనిపోయాడట. ఊరివాళ్లు ముగ్గురు పరుగెత్తుకుంటూ పోయేసరికి శవాన్ని కాల్చేశారు. బట్టలు మాత్రం మూటగట్టి భద్రపరిచారు.

అంతటితో అయిపోతే అదొక దుఃఖం. మళ్లీ వారానికే పోలీసులు దుర్గవ్వ ఇంటికి వచ్చి, "నీ కొడుకును ఎక్కడ దాచినవ్?" అని అడిగారు. వాళ్ల కాగితాల్లో రాయమల్లు పరారీలో ఉన్నాడు! పదిహేను రోజులకోసారి వచ్చేవాళ్లు. గుమ్మిలోని వడ్లు నేల మీద కుమ్మరించేవాళ్లు. ముసలమ్మను ఠాణాకు తీసుకుపోయి పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. "సచ్చిండని ఆళ్లు సెప్తలేరు. బతికున్నడని నన్ను అడుగుతుండ్రు. నేనేం జెయ్యాలె నాయినా?" అని దుర్గవ్వ మమ్మల్ని అడిగింది. ఏడిస్తే కొడుకు చచ్చిపోయాడని తనే ఒప్పుకున్నట్టు, ఏడవకపోతే ఎక్కడో దాచిపెట్టినట్టు. నాకు ఆ రోజు వచ్చినంత కోపం జన్మలో రాలేదు.

'మమ్మల్ని' అన్నాను కదా. మేమంటే జిల్లాలో హక్కుల సంఘం పెట్టుకున్న అయిదుగురం. ఒక లాయరు, ఇద్దరు బడి సార్లు, ఒక కాలేజీ లెక్చరరు, ఒక పత్రికాయన. నిజనిర్ధారణకని వాగొడ్డుపల్లె తిరిగాం. హనుమండ్లు హోటల్లో చాయ్ తాగుతూ సర్పంచిని అడిగాం, పటేళ్లను అడిగాం, హమాలీలను అడిగాం. రేవుకు పోయి సత్తవ్వను అడగాలని అయిదుగురిలో ఒక్కడికీ తోచలేదు. నివేదిక రాసే పని నాది. చట్టం ముందు జాగ్రత్తగా ఉండాలని లాయరు అన్నాడు, అందుకని "గుర్తుతెలియని మృతుడు రాయమల్లు అయి ఉండవచ్చు" అని రాశాను. దాన్నే పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి ఊరివాళ్లకు చదివి వినిపిస్తున్నాను. నెత్తి మీద మూటతో రేవు నుంచి వస్తున్న సత్తవ్వ ఆగింది.

"ఆగు సారూ. గా మాట మల్ల సదువు."

చదివాను.

"గుర్తు తెల్వనోడా? ఎవలకు తెల్వది? గుర్తు వెట్టిందే నేనైతిని!"

మూట దించి అక్కడే చెప్పింది. సోమవారం నాడు నీలి గీతల అంగి, బూడిదరంగు ప్యాంటు ఉతికి, ఇస్త్రీ చేసి, ఆమే దుర్గవ్వ ఇంట్లో ఇచ్చింది. మంగళవారం పొద్దున రాయమల్లు అవి తొడుక్కుని పోతుంటే చూసింది. ఆ ఇంటి గుర్తు మూడు చుక్కలు, వాటి కింద అడ్డగీత. అంగి కాలర్ తిప్పి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. "గంత సదువుకున్నోళ్లు, కాలర్ తిప్పి సూడరాదా?" అంది.

మేం ఎగిరి గంతేశాం. నా సంగతైతే చెప్పనే అక్కర్లేదు. నివేదిక తిరగరాసి ఆమెను సాక్షిగా చేర్చాను, వారం తిరక్కుండా వెయ్యి కరపత్రాలు వేయించాను. కాలర్ లోపల మూడు చుక్కలు, అడ్డగీత ఉందని రాసి, బొమ్మ కూడా వేయించాను. కరీంనగర్ బస్‌స్టాండులో నేనే నిలబడి పంచాను. విచారణ జరపాలని అర్జీ రాసి కలెక్టరాఫీసులో ఒకటి ఇచ్చాను, ఢిల్లీకి ఒకటి పోస్టులో పంపాను. ఆ కరపత్రాన్ని ఊళ్లో ఎవరో చదివి వినిపించారట, సత్తవ్వ బస్సెక్కి తిన్నగా కరీంనగర్‌లో నేనుంటున్న ఇంటికి వచ్చింది. నా భార్య మంచినీళ్లు ఇస్తే తాగలేదు.

"గుర్తు ఏడున్నదో గూడ రాసినవా సారూ?"

"రాసిన సత్తవ్వా. ఆధారం కదా."

"ఆధారం నా తాన ఉండె. నువ్వు తీస్కపొయి ఆళ్ల చేతుల వెట్టినవ్" అని లేచి వెళ్లిపోయింది. ఆమెకు చిరాకెక్కువని అనుకున్నాను గానీ, నా తెలివితక్కువతనం నాకప్పటికి అర్థం కాలేదు.

క్యాంపు వాళ్లకు అర్థమైంది. ఒకరోజు ఇద్దరు జవాన్లు వచ్చి, సాక్ష్యం గీక్ష్యం అని తిరిగితే ఊళ్లో ఉండవని చెప్పారు. ఆమె లోపలికి పోయి, వాళ్ల యూనిఫారాల మూటను తెచ్చి ఉతక్కుండానే వాళ్ల కాళ్ల ముందు పెట్టింది. కోపమొచ్చి ఇస్త్రీపెట్టె లాక్కుపోయారు. "జెర పైలం నాయినా, లోపట నిప్పులున్నయి" అని వెనక నుంచి చెప్పిందట. ఆ తర్వాత ఆరు నెలలు ఆమె ఎవరికీ ఇస్త్రీ చేయలేదు. ఊరంతా ముడతల బట్టలతోనే తిరిగింది. పెళ్లికొడుకు హనుమండ్లు తమ్ముడు కూడా ముడతల చొక్కాతోనే పీటల మీద కూర్చున్నాడు. ఒక్కరూ ఆమెను మాట అనలేదు.

విచారణ తొంభై మూడు అక్టోబరులో జరిగింది. రాయమల్లును పట్టుకుపోయి అప్పటికి పద్నాలుగు నెలలు. రెవెన్యూ ఆఫీసరు ఒకాయన మండలాఫీసుకు వచ్చాడు. వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు, ఎవరికీ చెడ్డ కాకూడదని చూసే రకం. మా ఊరి నుంచి రెండు ట్రాక్టర్ల నిండా జనం వచ్చారు. తేలాల్సింది ఒక్కటే. చనిపోయినవాడు రాయమల్లు అవునా, కాదా? అవునంటే మఫ్టీలో వచ్చి ఎత్తుకుపోయినవాళ్లు జవాబు చెప్పాలి. కాదంటే దుర్గవ్వ ఇంటి మీదికి జీపు వస్తూనే ఉంటుంది.

ముందు దుర్గవ్వను పిలిచారు. బట్టలను దూరం నుంచే చూసి, "నా కొడుకువే" అంది. పోలీసుల తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టరు లేచి, ఈమెకు రెండు కళ్లలో శుక్లాలున్నాయని, ఇలాంటి చొక్కాలు బజారులో వందలున్నాయని చెప్పాడు. తర్వాత సత్తవ్వను పిలిచారు. గుమాస్తా మూట విప్పి చొక్కా పైకెత్తాడు. చొక్కాకు కాలర్ లేదు. మెడ చుట్టూ నీటుగా కోసి ఉంది.

ఇన్‌స్పెక్టరు తన ఫైలులోంచి నా కరపత్రాన్నే తీసి, బొమ్మ చూపిస్తూ చదివాడు. "కాలర్ మీద గుర్తుందని ఈ సంఘం వాళ్లు ప్రచారం చేసిండ్రు సార్. కాలరే లేదు. స్టోర్ రూమ్‌ల ఎలుకలు కొరికినయి" అన్నాడు.

"ఎలుక కత్తెర పట్టుకొచ్చిందా సారూ?" అని సత్తవ్వ అడిగింది. "గుర్తు లేని అంగైతె కోసుడెందుకు?"

జనం గొల్లున నవ్వారు. ఆఫీసరు బల్ల మీద కొట్టి, ఊహలు వద్దు, గుర్తు చూపిస్తేనే రాసుకుంటానని చెప్పాడు. సత్తవ్వ ఒక్కసారి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది. ఆ చూపుకు నేను తల దించుకున్నాను.

"ప్యాంటు తీయుండ్రి" అంది. "నడుం పట్టీ తిప్పుండ్రి. కుడి పక్క, బొత్తాం వెనుక."

గుమాస్తా పట్టీ తిప్పాడు. మూడు నల్ల చుక్కలు, కింద అడ్డగీత.

"అంగికి అంగి, ప్యాంటుకు ప్యాంటు, దేనిది దానికే వెడ్తం సారూ. రెండు విడివడి ఉతుకుతం గదా" అని మామూలుగా చెప్పింది. అంగి గురించే అడిగాం కాబట్టి మాకు అంగి గురించే చెప్పిందట. కరపత్రం చూశాక మాత్రం, ప్యాంటు ఊసు నా దగ్గర ఎత్తకూడదని నోరు కట్టేసుకుందట. ఆ మాట తర్వాతెప్పుడో ఆమే నాతో అంది, నవ్వకుండా.

ఇన్‌స్పెక్టరు ఊరుకోలేదు. మూడు చుక్కలు ఏ ఊరి చాకలైనా పెట్టవచ్చు, ఇది దుర్గవ్వ ఇంటి గుర్తేనని రుజువేది, ఏ రిజిస్టరులో ఉంది అన్నాడు. ఆఫీసరు కూడా అవునన్నట్టు తలూపాడు.

"రిజిస్టరు బయట నిలవడ్డది" అంది సత్తవ్వ. "మా ఊరోళ్లను ఒక్కొక్కల పిలువుండ్రి. నేను గోడ దిక్కు మల్లి నిలవడ్త. మీరు ఆళ్ల బట్ట తిప్పి గుర్తు సదువుండ్రి, నేను ఇల్లు సెప్త. ఒక్కటి తప్పినా, గీ ప్యాంటు ఎవలదో నాకు తెల్వదని రాసుకోండ్రి. నేనే ఏలిముద్రేస్త."

లాయరు ఆమెను ఆపబోయాడు. నేను కూడా లేచాను. ఇన్ని బట్టల్లో ఒక్కదానికి తడబడితే పద్నాలుగు నెలల కష్టం బూడిదలో పోసినట్టే. ఆమె మా ఇద్దరినీ లెక్క చేయలేదు. ముఖం గోడవైపు తిప్పి, కొంగు నడుముకు చుట్టుకుని నిలబడింది.

ఒక్కొక్కరు లోపలికి వచ్చారు. ఎవరూ నోరు విప్పకూడదని ఆఫీసరు చెప్పాడు.

"ఒక చుక్క, రెండు గీతలు" అని గుమాస్తా చదివాడు.

"హనుమండ్లిల్లు."

"నాలుగు చుక్కలు, చదరంగా."

"పోశవ్విల్లు. గది ఆమె మొగనిది."

"చుక్క, చుట్టూ సున్నా."

"సర్పంచిది. బుజం కాడ చినిగి ఉంటది, సూడుండ్రి."

చినిగే ఉంది. సర్పంచి సిగ్గుపడి కండువా కప్పుకున్నాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒకచోట గుమాస్తా "నిలువు గీత, పక్కన సున్నా" అన్నాడు. ఆమె మొదటిసారి ఆగింది.

"గది గడీ గుర్తు. పదిహేనేండ్ల సంది నేను గది వెట్టలే. దొర పాత అంగి ఎవలకో ఇచ్చినట్టున్నడు. తొడుక్కున్నోడు సిగ్గుపడాలె" అంది. గడీలో ఒకప్పుడు పనిచేసిన ముసలాయన నిజంగానే సిగ్గుపడ్డాడు. ఆఫీసరు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు చూశాడు.

పదమూడో మనిషిని చూసి గుమాస్తా, "ఎర్ర సిరాతో ఇంగ్లీషు అక్షరాలున్నాయి" అన్నాడు.

"గది నా చెయ్యి గాదు. పట్నం లాండ్రీది. తొడుక్కున్నాయన మా ఊరాయన గూడ గాదు" అంది. అతను ఇన్‌స్పెక్టరు జనంలో కలిపి పంపిన మఫ్టీ కానిస్టేబులు! ఇక చాలని ఆఫీసరు చెయ్యెత్తాడు. ఇన్‌స్పెక్టరు కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాక్ష్యం రాసి, గుమాస్తా చదివి వినిపించాడు. గుర్తుతెలియని మృతుని కేసులో చాకలి సత్తవ్వ చెప్పింది ఏమనగా అని మొదలైంది. అప్పటికే ఆమె వేలికి సిరా పూశారు. ఆ వేలు గాల్లోనే ఆగిపోయింది.

"గా మాట ఇంకా ఉన్నదేంది?"

"అది ఫైలు పేరమ్మా. పోలీసులు పెట్టింది. మార్చడం నా చేతుల్లో లేదు" అన్నాడు ఆఫీసరు.

"నేను వెట్టిన గుర్తు మీకు తెల్వదంటె, గీ ఏలిగుర్తు మాత్రం ఎట్ల తెలుస్తది? నేను వెయ్య."

వేలు చాపి అట్లాగే నిలబడింది. సిరా ఆరిపోయింది. గుమాస్తా మళ్లీ పూశాడు, అదీ ఆరిపోయింది. ఆఫీసరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు, ఆ చుక్కల వైపు చూశాడు. చివరికి కలం తీసి ఆ మాట కొట్టేసి, పైన "జమ్మికుంట మార్కెట్ హమాలీ రాయమల్లు" అని రాసి, పక్కన తన సంతకం పెట్టాడు. సత్తవ్వ ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని, అప్పుడు వేలు వేసింది.

మేం గెలిచామని చెప్పను. ఆత్మరక్షణ కోసమే కాల్పులు జరిగాయని విచారణ నివేదిక తేల్చింది. ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరి మీదా కేసు పడలేదు. కానీ చనిపోయినవాడు రాయమల్లేనని సర్కారు కాగితం మీద పడింది. చచ్చిపోయినవాణ్ణి వెతుక్కుంటూ ఇంటికి రాలేరు కదా. జీపు మళ్లీ దుర్గవ్వ వాకిట్లో ఆగలేదు.

ఆ రోజు దుర్గవ్వ కూడా మాతో పాటే ట్రాక్టరులో వచ్చింది. ఊళ్లో దిగాక సత్తవ్వ తన ఇంటికి పోకుండా ఆమె వెనకే నడిచింది. మేమూ వెళ్లాం. వాకిట్లో నిలబడి, "అక్కా, మైల బట్టలు తే" అంది.

ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ ఇంటి బట్టలన్నీ చాకలి వచ్చి తీసుకుపోయి ఉతకాలి. అంతవరకూ ఆ ఇంటికి మైల తీరదు. దుర్గవ్వకు అర్థం కానట్టు చూసింది.

"ఏం మైల సత్తవ్వా?"

"నీ కొడుకు సచ్చిండక్కా. రాసిండ్రు, నేను ఏలేసి వచ్చిన. పద్నాలుగు నెలల మైల ఇంట్ల అట్లనే ఉన్నది. తే."

దుర్గవ్వ లోపలికి పోయింది. దండెం మీది చీర తెచ్చింది, చెద్దరు తెచ్చింది, గోనెపట్టా తెచ్చింది. చివరికి కొడుకు ఇంకో చొక్కా తెచ్చి సత్తవ్వ చేతిలో పెట్టబోయి, పెట్టలేక, గుండెకు అదుముకుని గడప మీద కూలబడింది. పద్నాలుగు నెలల ఏడుపు ఒక్కసారే బయటికి వచ్చింది. సత్తవ్వ పక్కన కూర్చుని ఆమెతో పాటు ఏడ్చింది. మేం మగవాళ్లం కూడా ఏడ్చాం, సిగ్గేం లేదు.

తెల్లారి సత్తవ్వ ఆ మూటను నెత్తికెత్తుకుంది. రేవుకు ఇళ్ల వెనక నుంచి దగ్గర దారి ఉంది. ఆమె క్యాంపు ముందు నుంచి నడిచింది. గేటు దగ్గర కాపలా జవాను అలవాటు కొద్దీ అడిగాడు:

"ఏం మూట? ఎవలవి?"

ఆమె ఆగి, అతనికేసి తిరిగి, ఊరంతా వినేటట్టు చెప్పింది:

"రాయమల్లు సచ్చిన మైల. మీరు సంపిన రాయమల్లు."

మూట సర్దుకుని రేవులోకి దిగింది.